‘ఇల్‌మాటిక్’ ఆదరణ చరిత్ర: సాక్ష్యమా, శిల్పమా?

1994 ఏప్రిల్ 19న కొలంబియా రికార్డ్స్ సంస్థ ‘ఇల్‌మాటిక్’ను విడుదల చేసింది. అది ర్యాప్ గాయకుడు నాస్ తొలి ఆల్బమ్. అతని అసలు పేరు నాసిర్ జోన్స్. అప్పటికి ఇరవై ఏళ్లవాడు. ఆల్బమ్‌లో పది ట్రాకులు, మొత్తం నిడివి 40 నిమిషాలకు కాస్త తక్కువ. మొదటి వారంలో 60 వేల ప్రాంతంలో ప్రతులు అమ్ముడయ్యాయి. బిల్‌బోర్డ్ 200 జాబితాలో 12వ స్థానం దాటి పైకి పోలేదు. అంతకు ఐదు నెలల ముందు వచ్చిన స్నూప్ డాగీ డాగ్ ‘డాగీస్టైల్’ మొదటి వారంలోనే ఎనిమిది లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. బజారు లెక్కన చూస్తే నాస్ ఆల్బమ్‌ది ఓ మోస్తరు విజయమే. అదే ఆల్బమ్‌ను 2021లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చుకుంది.

ఈ రెండు సంఘటనల మధ్య ఆల్బమ్‌ను ఎవరెవరు ఎలా విన్నారన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తొలి శ్రోతలూ విమర్శకులూ దీన్ని ఒక పేట బతుకుకు సాక్ష్యంగా స్వీకరించారు. ఆ మెప్పే దీన్ని నిలబెట్టింది. నాస్ శబ్దశిల్పాన్ని మరుగుపరచిందీ అదే. తెలుగు కథావిమర్శలో వస్తుశిల్పాల తగవు ఎరిగిన పాఠకులకు ఈ పరిస్థితి కొత్తగా అనిపించదు.

నాస్ పెరిగిన క్వీన్స్‌బ్రిడ్జ్ హౌసెస్ న్యూయార్క్ నగరంలోని ప్రభుత్వ గృహ సముదాయం. 96 భవనాలు, మూడు వేలకు పైగా ఇళ్లు. ఉత్తర అమెరికాలో అంత పెద్ద ప్రభుత్వ గృహ సముదాయం మరొకటి లేదు. హిప్‌హాప్ కళాకారులు మార్లీ మార్ల్, ఎం.సి. షాన్, రాక్సాన్ షాంటే అక్కడి నుంచి వచ్చినవాళ్లే. నాస్ తండ్రి ఓలూ దారా జాజ్ కళాకారుడు, కార్నెట్ వాయిస్తాడు. నాస్ ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. 1991లో మెయిన్ సోర్స్ బృందం పాట ‘లైవ్ ఎట్ ది బార్బెక్యూ’లో ఒక్క వెర్స్ పాడి నగరం దృష్టిలో పడ్డాడు. మరుసటి ఏడాది అతని ప్రాణస్నేహితుడు కాల్పుల్లో చనిపోయాడు. ఇంత కథ తెలిశాక పాటను జీవితచరిత్రగా వినడం ఎవరికైనా సులువే. అట్ట మీద బొమ్మ కూడా ఆ దారికే నడిపిస్తుంది: చిన్ననాటి నాస్ ముఖం, దానిలోంచి తొంగిచూస్తున్న క్వీన్స్‌బ్రిడ్జ్ భవనాలు.

రెండో ట్రాక్ ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’ దగ్గర కాసేపు ఆగాలి. నిర్మాత డీజే ప్రీమియర్, జో చేంబర్స్ రికార్డులోంచి ఒక పియానో ముక్కను తీసి తిప్పితిప్పి వాడాడు. బీట్ మొదలయ్యాక నాస్ ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదని గొణుగుతాడు. ఆ గొణుగుడును రికార్డులో ఉంచేశారు. మొదటి వెర్స్ ఒకే టేక్‌లో పూర్తయిందని ప్రీమియర్ తర్వాత చెప్పాడు. ఈ రెండింటినీ కలిపి ఇదంతా అప్పటికప్పుడు గుండెలోంచి తన్నుకొచ్చిందని అభిమానులు చెప్పుకుంటారు.

చెవిపెట్టి వింటే సంగతి వేరు. మనకు అలవాటైన అంత్యప్రాస పాదం చివర కూర్చుంటుంది. ఇక్కడ రెండు మూడు అక్షరాల ధ్వనిగుచ్ఛం ఒక పాదం నడుమ పుట్టి, ఆ పాదం చివర మళ్లీ వినిపించి, తర్వాతి పాదం నడుమకు వెళ్లి వాలుతుంది. వాక్యం మాత్రం పాదాంతంలో ఆగదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో బీట్ చెప్పదు, అర్థం చెబుతుంది. రకీమ్, కూల్ జీ ర్యాప్ 1980లలో వేసిన బాట ఇది. నాస్ దానిలో మరింత ఇరుకైన నడక నడిచాడు. ఎదుట కాగితం ఉన్నా లేకపోయినా, ఏళ్ల తరబడి సాధన చేస్తే తప్ప ఇలాంటి నిర్మాణం నోటికి రాదు. ఒకే టేక్ అన్నది ఆ సాధన ఎంత గట్టిదో చెబుతుంది తప్ప సాధన లేదని కాదు.

కథనం తీరూ అంతే. వెర్స్ నడుమ కాల్పుల సన్నివేశం వస్తుంది. కథకుడి తుపాకీ మొరాయిస్తుంది. పరుగెత్తి భవనం లాబీలోకి దూరితే అక్కడ నిండా చిన్నపిల్లలు. గ్యాంగ్‌స్టర్ పాటల్లో తుపాకీ సాధారణంగా మొరాయించదు. ఈ ఒక్క మార్పుతో వీరుడి కథ భయపడ్డ కుర్రాడి కథగా మారిపోతుంది. అక్కడ అలా నిజంగా జరిగిందా లేదా అన్నది విమర్శకు అక్కరలేని ప్రశ్న. ఆ వివరాన్ని ఆ చోటే పెట్టడం రచయిత నిర్ణయం.

క్యూ-టిప్ బాణీ కట్టిన ‘వన్ లవ్’లో శిల్పం ఇంకా స్పష్టం. మొదటి రెండు వెర్సులు జైల్లో ఉన్న మిత్రులకు రాసిన ఉత్తరాలు: పుట్టిన బిడ్డ పోలికలు, పేటలో ఎవరు ఎవరికి దూరమయ్యారు, ఎవరు మాట తప్పారు. మూడో వెర్స్‌లో ఉత్తరం ఆగిపోతుంది. కథకుడు పేటలో బెంచీ మీద పన్నెండేళ్ల పిల్లవాడితో మాట్లాడుతుంటాడు. ఉత్తరాలు అందుకున్నవాళ్ల గతమూ ఈ పిల్లవాడి భవిష్యత్తూ ఒకటే కావచ్చునన్న భయం వినేవాడికి దానంతటదే కలుగుతుంది. కథకుడు ఎక్కడా వ్యాఖ్యానించడు. ఉత్తరం మానేసి ముఖాముఖి సంభాషణకు మారిన ఆ మలుపే వ్యాఖ్యానం.

ఇక తొలి సమీక్షల సంగతి. ర్యాప్ పత్రికల్లో పెద్దదైన ‘ది సోర్స్’ ఆల్బమ్‌లకు మైకులతో మార్కులు వేసేది. ‘ఇల్‌మాటిక్’కు ఐదుకు ఐదు వచ్చాయి. ఒక తొలి ఆల్బమ్‌కు అన్ని మార్కులు రావడం అరుదు. సమీక్ష రాసింది మిన్యా ఓ అనే యువ విమర్శకురాలు. లాస్ ఏంజిలిస్ వైపు కళాకారుడైన డాక్టర్ డ్రే ‘ది క్రానిక్’కు అదే పత్రిక నాలుగున్నర మాత్రమే ఇచ్చింది. న్యూయార్క్ పత్రిక న్యూయార్క్ కుర్రాడికి పట్టం కట్టిందన్న విమర్శ ఇప్పటికీ వినిపిస్తుంది. అందులో కొంత నిజముందనే నా అభిప్రాయం. లాస్ ఏంజిలిస్ ర్యాప్ మార్కెట్టును ఊపేస్తున్న రోజులవి. తూర్పు తీరానికి నిలబెట్టుకోవడానికి ఒక గ్రంథం కావలసి వచ్చింది. అయితే పక్షపాతం ఉన్నంత మాత్రాన తీర్పు తప్పైపోదు. అక్కడి శ్రోతలు తమ పేట తమకు వినిపించిందని మురిసిపోయారు. సాక్ష్యం అన్న మాట అలా ముందుకొచ్చింది.

గ్రామీ పురస్కారాల్లో అప్పటికి ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ అన్న విభాగమే లేదు. అది 1996లో మొదలైంది. కాబట్టి ‘ఇల్‌మాటిక్’ ప్రతిష్ఠ పురస్కారం వల్లనో అమ్మకాల వల్లనో పెరిగింది కాదు. గోల్డ్ గుర్తింపుకు 1996 దాకా, ప్లాటినమ్‌కు 2001 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ మధ్యలో తోటి కళాకారులే దాన్ని మోశారు. 1996లో జే-జీ తన ‘డెడ్ ప్రెసిడెంట్స్’లో నాస్ గొంతునే శాంపిల్‌గా వాడుకున్నాడు. 2001లో అదే జే-జీ నాస్‌తో కయ్యానికి దిగి, ఇతగాడికి చెప్పుకోదగ్గది ఆ ఒక్క ఆల్బమే అన్నట్టు ఎత్తిపొడిచాడు. పొగడ్త తిట్టుగా ఎలా మారుతుందో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ ఎత్తిపొడుపు వెనక 1996 నాటి నాస్ ఆల్బమ్ ‘ఇట్ వాజ్ రిటన్’ ఉంది. అది బిల్‌బోర్డ్ జాబితాలో నేరుగా మొదటి స్థానంలో దిగింది. తొలి ఆల్బమ్‌ను నెత్తిన పెట్టుకున్నవాళ్లలో చాలామంది దీన్ని అమ్ముడుపోవడమే అన్నారు. మాఫియా సినిమాల కల్పనలు పేట సాక్షి నోట వాళ్లకు నచ్చలేదు. కల్పన ‘ఇల్‌మాటిక్’లోనూ ఉందన్న సంగతి అప్పటికి ఎవరికీ పట్టలేదు. నాస్ 2001 చివర్లో తన పునరాగమన ఆల్బమ్‌కు ‘స్టిల్‌మాటిక్’ అని పేరు పెట్టుకోవలసి వచ్చింది.

విశ్వవిద్యాలయాలు ఆలస్యంగా వచ్చాయి. మైకేల్ ఎరిక్ డైసన్, సొహైల్ దౌలత్‌జాయ్ సంపాదకత్వంలో వచ్చిన ‘బార్న్ టు యూజ్ మైక్స్’ ఆల్బమ్‌లోని ఒక్కో ట్రాక్‌ను ఒక్కో పండితుడి చేత చదివించింది. 2013లో హార్వర్డ్‌లో నాస్ పేరిట హిప్‌హాప్ ఫెలోషిప్ ఏర్పడింది. 2014 మార్చిలో వాషింగ్టన్ కెనెడీ సెంటర్‌లో నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి నాస్ ఈ పాటలు పాడాడు. గౌరవాలు సరే, పాఠం మాత్రం తరచు జాతి, పేదరికం, పోలీసుల చుట్టూనే తిరుగుతోంది. అవన్నీ పాటల్లో ఉన్నవే. కానీ లార్జ్ ప్రొఫెసర్, పీట్ రాక్, క్యూ-టిప్, ప్రీమియర్, ఎల్.ఇ.ఎస్. వంటి వేర్వేరు చేతులు కట్టిన బీట్లు ఒకే ఆల్బమ్‌గా ఎలా వినిపించాయన్నదీ అంతే ముఖ్యమైన ప్రశ్న. ఏక నిర్మాత పద్ధతి సడలి, పాటకో నిర్మాత అన్న పద్ధతి ర్యాప్‌లో బలపడటానికి ఈ ఆల్బమ్ దారి చూపింది.

మరో లోపం స్వీకరణలోనూ ఉంది, కృతిలోనూ ఉంది. ఈ పేటలో స్త్రీలు అంచుల్లో మాత్రమే కనిపిస్తారు, వాళ్లకు మాట లేదు. నాస్‌ను కొలంబియాకు తెచ్చినది ఫెయిత్ న్యూమన్, ఐదు మైకుల సమీక్ష రాసింది మిన్యా ఓ. ఆల్బమ్‌ను లోకానికి చేర్చిన ఇద్దరు స్త్రీల పేర్లు దాని పురాణంలో అడుగున పడి ఉండటం యాదృచ్ఛికం కాదు. సాక్ష్యం అన్నాక ఎవరి సాక్ష్యం అని అడగక తప్పదు. ఆ ప్రశ్న ముందు ‘ఇల్‌మాటిక్’ అరకొర పత్రమే. శిల్పంగా చూస్తే మాత్రం 1990ల ఆంగ్ల పద్యరచనలో మొదటి వరుసలో నిలబడుతుంది.

ర్యాప్ మీద పరిశోధనకు పూనుకునే మన విద్యార్థులకు ఒక మనవి. సాహిత్యాన్ని అచ్చువేసుకుని చదివి వస్తువిశ్లేషణతో సరిపెట్టకండి. పాట పెట్టి, బీట్ లెక్కపెట్టి, ప్రాస ఎక్కడ పడిందో గుర్తువేసుకున్నాకే రాయండి.