గుత్తసంస్థలూ, చట్టమూ

గుత్తాధిపత్యాన్ని చట్టంతోనే అరికట్టవచ్చునని నమ్మేవారున్నారు. చట్టం వట్టి కంటితుడుపని కొట్టివేసేవారూ ఉన్నారు. ఈ ఇరువురూ అమెరికా చరిత్రను ఒకసారి తిరగవేయడం మంచిది. ఆ చరిత్ర ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా అనుకూలం కాదు.

1870లో క్లీవ్‌లాండ్‌లో జాన్ డి. రాక్‌ఫెల్లర్ స్థాపించిన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ, సుమారు పదేళ్లలో ఆ దేశపు చమురుశుద్ధిలో 90 శాతం దాకా చేజిక్కించుకున్నది. పనిలో నేర్పు ఒక్కటే ఇందుకు కారణం కాదు. రైల్వే కంపెనీలు దాని సరుకుకు తీసుకున్న కిరాయిలో కొంత రహస్యంగా తిరిగి ఇచ్చేవి. అదే రైలుకు నిండు కిరాయి కట్టే చిన్న వ్యాపారి ఎంతకాలం నిలవగలడు? ఒకరి తర్వాత ఒకరు అమ్ముకొని తప్పుకున్నారు. 1882 నాటికి ఈ సంస్థలన్నీ ఒకే ట్రస్టు కిందికి వచ్చాయి.

రైతులూ, చిన్న వర్తకులూ ఆందోళన చేసిన ఫలితంగా 1890లో షెర్మన్ చట్టం వచ్చింది. వర్తకాన్ని నిరోధించే ప్రతి ఒప్పందమూ, ప్రతి కూటమీ నేరమన్నది ఆ చట్టం. కాని కూటమి అంటే ఎవరి కూటమి? చిక్కంతా ఇక్కడే ఉన్నది.

1894లో పుల్‌మన్ రైలుపెట్టెల కార్మికుల సమ్మెకు రైల్వే కార్మికులు బాసటగా నిలిచారు. షికాగోలోని ఫెడరల్ కోర్టు ఈ చట్టాన్నే ఆధారం చేసుకొని నిషేధాజ్ఞ ఇచ్చింది. దానిని ధిక్కరించాడని నాయకుడు యూజిన్ డెబ్స్‌ను జైలుకు పంపింది. మరుసటి ఏడే, దేశపు చక్కెరశుద్ధి దాదాపు అంతా గుప్పిట పట్టిన ట్రస్టు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. సరుకు తయారుచేయడం వేరు, వర్తకం వేరు అంటూ కోర్టు దానిని వదిలివేసింది. హార్లాన్ అనే న్యాయమూర్తి ఒక్కడే విభేదించాడు. 1908లో డాన్‌బరీ టోపీ కార్మికుల బహిష్కరణోద్యమాన్ని అదే కోర్టు చట్టవిరుద్ధమన్నది. ఆ దావాలో కార్మికుల ఇళ్లూ, బ్యాంకులో దాచుకున్న సొమ్మూ జప్తుకు గురయ్యాయి.

ట్రస్టుల వంతు రాలేదా? వచ్చింది. ఐడా టార్బెల్ 1904లో ప్రచురించిన గ్రంథం స్టాండర్డ్ ఆయిల్ పద్ధతులను బట్టబయలు చేసింది. 1906లో ప్రభుత్వం దావా వేసింది. 1911లో సుప్రీంకోర్టు ఆ సంస్థను 34 కంపెనీలుగా విడగొట్టింది. ఐతే అదే తీర్పులో, వర్తకాన్ని అసమంజసంగా నిరోధించడమే నేరమన్న సూత్రాన్ని కూడా ప్రవేశపెట్టింది. శాసనసభ వ్రాయని మాటను కోర్టు చేర్చడమేమిటని హార్లాన్ మళ్ళీ అభ్యంతరం చెప్పాడు. ముక్కలైన కంపెనీల వాటాలు పాత వాటాదారులకే పోయాయి. వాటి ధర పెరిగి, రాక్‌ఫెల్లర్ మునుపటికంటె ధనవంతుడయ్యాడు. ఆ ముక్కల్లో పెద్దవైన రెండింటి వారసులు, ఎక్సాన్, మొబిల్, 1999లో తిరిగి ఒకటయ్యాయి.

మనిషి శ్రమ సరుకు కాదని 1914 నాటి క్లేటన్ చట్టం ప్రకటించింది. కార్మికసంఘాలు పోరాడి తెచ్చుకున్న మాట అది. 1921లో సుప్రీంకోర్టు ఆ రక్షణను కుదించివేసింది. నిషేధాజ్ఞల బెడద తగ్గడానికి 1932లో మరొక చట్టం కావలసివచ్చింది.

అంచేత చట్టం నిష్ప్రయోజనమని అనరాదు. రైతుల ఆందోళన లేనిదే షెర్మన్ చట్టం లేదు, టార్బెల్ వంటివారి కృషి లేనిదే 1911 తీర్పుకు ప్రజాబలమూ లేదు. కాని చట్టం చేయించుకొని ఇంటికి పోయినవారి చేతిలో అది నిలవదు. దాని మాటలకు రేపు అర్థం చెప్పేదెవరో కనిపెట్టి ఉండడం కూడా పోరాటంలో భాగమే.