గ్రే పుస్తకంలో కార్టర్ చెయ్యి

దగ్గరికి జరగండర్రా, చలి ముదురుతోంది. ఆ ఎండుకొమ్మలు రెండు మంటలో వెయ్యరా పెద్దాడా. పాత ముచ్చట చెప్పు తాతయ్యా అన్నారుగా. ఇవాళ రాజుల కథలూ దయ్యాల కథలూ వద్దు. నాకు ఇన్నేళ్ళు అన్నం పెట్టిన పనిలో నాకు చాలా ముందు నడిచిన ఒక పెద్దమనిషి సంగతి చెబుతాను. చిన్నమ్మలూ, నువ్వు మరీ శ్రద్ధగా వినాలి. ఈ ఏడే మెడిసిన్‌లో చేరావు కదా! గ్రేస్ అనాటమీ అనగానే మీ అందరికీ గ్రే ఒక్కడే గుర్తొస్తాడు. ఆ పుస్తకాన్ని గ్రే రాశాడమ్మా, గీసింది మాత్రం కార్టర్. హెన్రీ వాన్‌డైక్ కార్టర్.

నేను మెడికల్ కాలేజీ అనాటమీ డిపార్టుమెంటులో ఆర్టిస్టుగా చేరిన రోజుల్లో గోడకు వేలాడే పెద్ద పెద్ద చార్టులతోనే పాఠమంతా నడిచేది. వెనక గుడ్డ అంటించిన కాయితం మీద ఇండియన్ ఇంకుతో గీతలు తీసి, ధమనికి ఎరుపు, సిరకు నీలం, నరానికి పసుపు వేసేవాణ్ణి. మా ప్రొఫెసరు గారు రంగు సుద్దముక్కలతో బోర్డు మీద గుండె బొమ్మ వేస్తుంటే హాలంతా నిశ్శబ్దమైపోయేది. ఆయనే ఒకనాడు లైబ్రరీ నుంచి పాత గ్రే తెప్పించి నా ముందు పెట్టి, "నీ పని ఎంత పెద్దదో తెలియాలంటే ఈ బొమ్మలు వేసినాయన గురించి చదవవయ్యా" అన్నారు. అప్పటి నుంచి కార్టర్ గురించి దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను.

ఆయన 1831లో ఇంగ్లండులోని హల్ అనే రేవుపట్నంలో పుట్టాడు. స్కార్‌బరో అనే సముద్రతీరపు ఊళ్ళో పెరిగాడు. తండ్రి హెన్రీ బార్లో కార్టర్ సముద్రాన్నీ ఓడలనూ నీటిరంగుల్లో దించే చిత్రకారుడు. తమ్ముడిదీ బొమ్మల పనే. అలాంటి ఇంట్లో పుట్టిన కుర్రాడు లండన్ వెళ్ళి సెయింట్ జార్జెస్ ఆసుపత్రిలో వైద్యం చదువుకున్నాడు. తర్వాత రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో స్టూడెంట్‌షిప్ సంపాదించి, రిచర్డ్ ఓవెన్ అంతటి శాస్త్రవేత్త నీడలో జంతువుల శరీర నిర్మాణం చూశాడు, మైక్రోస్కోపు వాడటం నేర్చాడు. తండ్రి దగ్గర అబ్బిన చేతి నేర్పుకు ఈ చదువు తోడైంది. చెయ్యి ఉన్నవాళ్ళు ఎందరో ఉంటారు, చదువు ఉన్నవాళ్ళూ ఉంటారు. రెండూ ఒక్కచోట కుదరడం అరుదు.

హెన్రీ గ్రే అదే ఆసుపత్రిలో ఆయనకు సీనియర్, నాలుగేళ్ళు పెద్ద. విద్యార్థులు కొనుక్కోగలిగిన మంచి అనాటమీ పుస్తకం వేద్దాం, బొమ్మలు నువ్వు వెయ్యి అని 1855లో కార్టర్‌ని అడిగాడు. ఇద్దరూ కలిసి దాదాపు ఏడాదిన్నర పాటు శవపరిచ్ఛేదం చేశారు. ఒకరు కోయడం, ఒకరు చూసి గీయడం అన్న విభజన అక్కడ లేదు. ఇద్దరూ కోశారు, ఇద్దరూ చూశారు. అప్పటికి ఫార్మలిన్ వాడకం రాలేదు. శవం ఎక్కువకాలం నిలిచేది కాదు, చూడవలసింది త్వరగా చూసెయ్యాలి. ఆ శవాలు ఎవరివనుకున్నారు? అడిగేవాళ్ళు లేని పేదలవి. దిక్కులేని పేదవాళ్ళు అనాథశాలల్లోనూ ఆసుపత్రుల్లోనూ పోతే, ఎవరూ వచ్చి అడగని దేహాలను వైద్య కళాశాలలకు ఇవ్వవచ్చని అక్కడ 1832లో చట్టం చేశారు. ప్రపంచమంతా చదువుకున్న ఆ పుస్తకంలో ప్రతి ఎముకా ప్రతి నరమూ ఆ పేరులేని పేదల నుంచి వచ్చిందే. చిన్నమ్మలూ, రేపు మీ డిసెక్షన్ హాల్లో బల్ల ముందు నిలబడేటప్పుడు ఒక్కసారి మనసులో దణ్ణం పెట్టుకో తల్లీ.

ఇక గీయడం ఎలాగో వినండి. నేను కాయితం మీద గీశాను. గీత పక్కకు పోతే బ్లేడుతో మెల్లగా గీకి సరిచేసుకునేవాణ్ణి. కార్టర్ పని అంతకంటే కష్టం. అప్పట్లో పుస్తకంలో బొమ్మ అచ్చు కావాలంటే దాన్ని చెక్క మీద చెక్కాలి. బాక్స్‌వుడ్ అనే గట్టి కలప దిమ్మల మీద కార్టర్ నేరుగా పెన్సిలుతో గీసేవాడు, అదీ కుడి ఎడమలు తిరగేసి! అచ్చులో మళ్ళీ తిరగబడి సరిగ్గా పడాలి కదా. చెక్కేవాళ్ళు ఆయన గీత వెంటే ఉలి నడిపారు. అచ్చులో ఎడమవైపు రావలసింది దిమ్మ మీద కుడివైపుకి గీయాలి. అక్షరాలూ తిరగేసిన చేతిరాతే. ఒకటి రెండు కాదు, మొత్తం 363 బొమ్మలు.

ఆ బొమ్మల్లో అసలు గొప్ప ఇంకొకటుంది. అంతకు ముందు పుస్తకాల్లో ఒక్కో భాగం పక్కన ఎ, బి, సి అని అక్షరం వేసి, కింద ఎక్కడో దాని పేరు ఇచ్చేవారు. చదివేవాడి కన్ను బొమ్మకీ కిందికీ మధ్య తిరుగుతూనే ఉండాలి. కార్టర్ ఆ బాధ తీసేశాడు. ధమని పేరు ధమని పొడుగునా, కండరం పేరు కండరం మీదే రాశాడు. కన్ను పడ్డచోటే పేరూ ఉంటుంది. బొమ్మలూ పెద్దవి, గీతలు స్పష్టంగా ఉంటాయి, అనవసరపు నీడల అలంకారం ఉండదు. శవంలో కొవ్వూ పొరలూ నెత్తురూ అన్నీ కలిసిపోయి ఉంటాయి. చేటలో బియ్యం చెరిగినట్టు అందులోంచి విద్యార్థికి కావలసింది మిగిల్చి ఇవ్వాలి. ఏది ఉంచాలో ఏది తియ్యాలో తెలియడానికి చదువు కావాలి. అందుకే చెబుతున్నా, అది ముమ్మాటికీ పాఠం చెప్పేవాడి పని.

పుస్తకం 1858లో వచ్చింది. 750 పేజీలు, వెల 28 షిల్లింగులు. వచ్చీ రాగానే పేరు తెచ్చుకుంది. ఇక లాభం సంగతి. గ్రేకి ప్రతి వెయ్యి ప్రతులకూ 150 పౌన్లు వచ్చే ఒప్పందం. కార్టర్‌కి ఒకేసారి 150 పౌన్లు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ముఖపత్రం ప్రూఫు గ్రే చేతికి వెళ్ళినప్పుడు కార్టర్ పేరు చిన్న అక్షరాల్లో వెయ్యమని గుర్తు పెట్టాడు, ప్రొఫెసర్ అన్న హోదాను కొట్టేశాడు. ఆ ప్రూఫు కాయితం ఇప్పటికీ భద్రంగా ఉంది. గ్రే పెద్ద పండితుడే, కాదనను. 1861లో మశూచి సోకి 34 ఏళ్ళకే పోయాడు పాపం. అయినా ఈ విషయంలో ఆయన చేసింది అన్యాయం. సగం చాకిరీ చేసినవాడి పేరు సగం ఉండాలి.

పుస్తకం బయటికి వచ్చేనాటికి కార్టర్ లండన్‌లో లేడు. మన దేశంలో ఉన్నాడు! 1858 మొదట్లోనే ఓడెక్కి బొంబాయి వచ్చి, గ్రాంట్ మెడికల్ కాలేజీలో అనాటమీ, ఫిజియాలజీ చెప్పే ప్రొఫెసర్‌గా చేరాడు. తర్వాత కొన్నేళ్ళు సతారాలో సివిల్ సర్జన్. 1870ల చివర్లో అదే గ్రాంట్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యాడు. 1888లో పదవీ విరమణ చేసేదాకా, మధ్యలో సెలవులు పోను, ముప్పై ఏళ్ళ బతుకూ ఇక్కడే గడిచింది.

ఇక్కడికి వచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. చెప్పుల్లేకుండా పొలం పనికి పోయే రైతు కాలిలో ముల్లు దిగితే, కొన్నాళ్ళకు పాదం ఉబ్బి, చిల్లులు పడి, నల్లటి గింజలు కారే జబ్బు ఒకటుంది. మదురై వైపు ఎక్కువగా చూశారు కాబట్టి మదురా ఫుట్ అన్నారు. అది మట్టిలోని బూజు వల్ల వచ్చేదని వాదించి, మైసిటోమా అని పేరు పెట్టి, 1874లో తన బొమ్మలతోనే పుస్తకం వేశాడు కార్టర్. కుష్టు గురించి తెలుసుకోవడానికి నార్వేదాకా వెళ్ళి వచ్చాడు. మన రాయలసీమ పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే 1876–78 కరువులో దక్కన్ పల్లెలు ఖాళీ అయ్యి జనం బొంబాయికి చేరారు. వాళ్ళను ఒక జ్వరం పట్టింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టేది. రోగుల రక్తంలో మెలికలు తిరిగిన సూక్ష్మజీవిని కార్టర్ మైక్రోస్కోపులో చూశాడు, కోతులకు ఎక్కించి జ్వరం రావడం రుజువు చేశాడు. 1882లో దాని మీద పెద్ద గ్రంథమే వచ్చింది.

1887లో మలేరియా జీవిని రక్తంలో చూసి మన దేశం నుంచి రుజువు చెప్పిందీ ఆయనే. పదేళ్ళకు, 1897 ఆగస్టులో, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అదే జీవిని దోమ కడుపులో పట్టుకున్నాడు. ఆ వార్త వినడానికి కార్టర్ లేడు. అదే ఏడు మే నెలలో స్కార్‌బరోలో క్షయతో కన్నుమూశాడు.

బొమ్మలు గీసినవాడు ఇన్ని జబ్బుల గుట్టు ఎలా పట్టాడని అడుగుతారేమో. గీయడం వల్లే పట్టాడంటాను నేను. కంటితో చూసి అర్థమైందనుకున్నది చేతిలోకి తెచ్చుకోబోతే, అర్థం కానిచోట పెన్సిలు ఆగిపోతుంది. అక్కడ మళ్ళీ చూడాలి, ఇంకాస్త కోయాలి, ఇంకాస్త చదవాలి. జీవితమంతా అలా చూడటం అలవాటైనవాడి కంటికి రోగి పాదంలోని గింజా, రక్తంలోని మెలికా తప్పించుకోలేవు. ఈ విలువను విశ్వవిద్యాలయాలు ఆలస్యంగా గుర్తించాయి. 1911లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్‌కిన్స్‌లో, మాక్స్ బ్రోడెల్ అనే జర్మన్ చిత్రకారుడు వైద్యచిత్రకళకే ఒక విభాగం తెరిచాడు. తన శిష్యులు శవపరిచ్ఛేదం చెయ్యాలనీ, అర్థం కానిది గీయకూడదనీ పట్టుబట్టాడు. కార్టర్ ఒంటరిగా చేసి చూపించినదే అక్కడ పాఠ్యక్రమం అయింది.

అందుకని నా మాట రెండు ముక్కల్లో చెబుతాను, గుర్తు పెట్టుకోండి. చిన్నమ్మలూ, ఫోను పెట్టి ఫోటో తీసుకుంటే తీసుకో, తప్పులేదు. కానీ మూత్రపిండమో మెదడో పరీక్షకు పోయేముందు ఒక్కసారైనా నీ చేత్తో గీయి. వంకరగా వచ్చినా సరే, గీసింది మర్చిపోవు. ఇక మీలో ఎవరైనా రేపు పుస్తకం రాస్తే, బొమ్మలు వేసినవాడి పేరు మీ పేరు పక్కనే, అంతే అక్షరాల్లో వెయ్యండి. డబ్బులోనూ వాటా ఇవ్వండి. అది దయ కాదు, ఆ మనిషికి రావలసిన బాకీ.