దవాలీ: జహ్రావీ కత్తి నుంచి ధ్వనితరంగాల పరీక్ష వరకు

కాలి సిరలు ఉబ్బి, మెలికలు తిరిగి, చర్మం కింద నీలంగా తేలే వ్యాధిని మనవాళ్లు 'నరాలు ఉబ్బడం' అంటారు. నిజానికి అవి నరాలు కావు. రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిరలు. అరబ్బీ వైద్యులు దీనికి పెట్టిన పేరు 'దవాలీ', అంటే ద్రాక్షతీగలు. రోగి కాలిని ఒక్కసారి చూసినవారికి ఆ పేరులోని ఔచిత్యం వేరే చెప్పనక్కరలేదు.

ఈ శస్త్రచికిత్సకు ముస్లిములే ఆద్యులని మన సభల్లో అప్పుడప్పుడు వినవస్తుంది. అది సరికాదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్, 7వ శతాబ్దంలో గ్రీకు వైద్యుడు పాల్ దీన్ని వర్ణించారు. మన పెద్దలు ఆ విద్యను వారి నుండే నేర్చుకున్నారు, నేర్చుకున్నామని దాచుకోలేదు. పూర్వీకుల అసలు ఘనత తెలియాలంటే ముందు ఈ అతిశయోక్తిని పక్కన పెట్టాలి.

ఆ ఘనత అబుల్ ఖాసిమ్ జహ్రావీ (936-1013) గ్రంథంలో కనిపిస్తుంది. కార్డోవా సమీపంలోని జహ్రా నగరానికి చెందిన ఈ వైద్యుడు రాసిన 'కితాబుత్తస్రీఫ్'లో 30 భాగాలున్నాయి. చివరిది శస్త్రచికిత్సకు కేటాయించాడు. అందులో పనిముట్ల బొమ్మలు కూడా గీశాడు. దవాలీ ప్రకరణంలో అతను చెప్పే పద్ధతి ఇది: ముందుగా కాలిపై వెంట్రుకలు తీసి, వేడినీటితో సిరలు బాగా నిండేటట్లు చేయాలి. అప్పుడు సిర మీద నిలువుగా కోసి, కొక్కేలతో చర్మాన్ని ఎడంగా పట్టి, సిరను చుట్టూ విడదీయాలి. కొంత దూరంలో మరో గాటు పెట్టి, సిరను తెంచి, పై గాటు గుండా బయటికి లాగాలి. లాగేటప్పుడు అది తెగకుండా చూడాలి, తెగితే మిగిలిన ముక్కను తీయడం కష్టం. ఈ హెచ్చరిక చేసి చూసినవాడి మాటలా ఉంది.

కారణం విషయంలో మాత్రం అతను తన కాలపు మనిషే. నల్లపిత్తం, అంటే సౌదా, కాళ్లలోకి దిగడమే ఈ వ్యాధికి మూలమని నమ్మాడు. సిరల్లోని కవాటాలను ఫాబ్రిసియస్ 1603లో వర్ణించాడు. రక్తప్రసరణను హార్వే 1628లో వివరించాడు. కవాటాలు చెడి రక్తం కిందికి జారడం వల్ల సిరలు ఉబ్బుతాయన్న అవగాహన ఆ తర్వాతిదే.

జహ్రావీ శస్త్రభాగాన్ని 12వ శతాబ్దంలో క్రెమోనా వాసి జెరార్డ్ టొలీడోలో లాటిన్‌లోకి అనువదించాడు. అరబ్బుల 'సాఫిన్' అన్న సిర పేరు కూడా లాటిన్‌కు చేరి, నేటి 'సఫీనస్' అయింది. ఇక్కడ మన హైదరాబాదును కూడా తలచుకోవాలి. శస్త్రచికిత్సపై ఇబ్నుల్ ఖుఫ్ఫ్ (1233-1286) రచించిన 'అల్ ఉమ్దా'ను దాయిరతుల్ మఆరిఫ్ 1937లో అచ్చువేసింది. ఈయన క్రైస్తవుడు, ముస్లిం రాజ్యాల్లో వైద్యం చేశాడు.

1907లో బాబ్‌కాక్ సిర లోపలికి తీగను పంపి దాన్ని లాగే సాధనం తెచ్చాడు. రెండు గాట్ల మధ్య సిరను లాగడమే సూత్రం. అయితే చికిత్స ఫలించిందా అన్న ప్రశ్నకు చాలాకాలం కంటిచూపే జవాబు. పైకి నున్నగా కనిపించిన కాలిలో కొన్నేళ్లకు సిరలు మళ్లీ ఉబ్బేవి. లోపల వదిలేసిన కొమ్మ కావచ్చు, కొత్తగా పుట్టిన సిర కావచ్చు. బయటినుంచి తెలిసేది కాదు.

1980ల నుంచి డ్యూప్లెక్స్ అల్ట్రాసౌండ్ ఆ లోటు తీర్చింది. ధ్వనితరంగాలతో సిర ఆకారం, అందులో రక్తం పోయే దిశ రెండూ తెరమీద కనిపిస్తాయి. పిక్కను నొక్కి వదిలినప్పుడు, పైపొర సిరలో రక్తం అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి పారితే కవాటం చెడినట్లు లెక్క. శస్త్రచికిత్సకు ముందు, తరువాత ఇదే పరీక్ష చేసి పోల్చుతారు. పరీక్ష వేళ రోగిని నిలబెడతారు, సిర నిండుగా ఉండాలని. జహ్రావీ వేడినీరు పోయించింది కూడా అందుకే.