డిజీ (కంప్యూటర్ ఆటల శ్రేణి)

డిజీ 1987 నుంచి 1992 దాకా బ్రిటన్‌లో ఇంటి కంప్యూటర్ల కోసం వెలువడిన ఆటల శ్రేణి. అందులో కథానాయకుడి పేరూ అదే. గుడ్డు ఆకారం, ఎర్రటి చేతి తొడుగులు, ఎర్రటి బూట్లు. మొండెం లేదు, కాళ్ళూ చేతులూ నేరుగా ముఖానికే అతికించినట్టుంటాయి. ఫిలిప్, ఆండ్రూ ఆలివర్ అనే కవల సోదరులు ఈ పాత్రను సృష్టించారు. డేవిడ్, రిచర్డ్ డార్లింగ్ అనే మరో అన్నదమ్ముల జంట 1986లో పెట్టిన కోడ్‌మాస్టర్స్ సంస్థ ఆ ఆటలను అమ్మింది. డిజీ ముద్దుగా ఉన్నాడు గనుక పిల్లలు మెచ్చారని చాలామంది చెబుతారు. ఆ మాట తప్పు కాదు గానీ, దానితో సంగతి తేలదు. ముద్దొచ్చే బొమ్మలు ఆ రోజుల్లో డజన్ల కొద్దీ వచ్చాయి, వాటిలో చాలావాటి పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. డిజీ రూపాన్నీ, నడకనీ, పేరుప్రతిష్ఠలనీ నిర్ణయించింది రెండే రెండు: అప్పటి యంత్రాల పేదరికం, అప్పటి క్యాసెట్ ధర. ఆ రెండూ ఉన్నన్నాళ్ళు అతను వెలిగాడు, అవి పోయాక ఆగిపోయాడు.

ముందు యంత్రం సంగతి. 1982లో వచ్చిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌లో పెద్ద రకానికి 48 కిలోబైట్ల జ్ఞాపకశక్తి. తెర మీద అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు. ఎనిమిది చుక్కల పొడవూ వెడల్పూ ఉన్న ఒక్కో గడిలో రెండు రంగులకు మించి పట్టవు. అంత ఇరుకులో మనిషి బొమ్మ గీస్తే ముఖానికి మిగిలేది నాలుగైదు చుక్కలు, అందులో నవ్వూ కోపమూ ఎక్కడ చూపిస్తారు? ఆలివర్ సోదరులకు ముఖమే కావాలి. అందుకని మొండెం తీసేసి, ఉన్న చోటంతా ముఖానికే ఇచ్చేశారు. బొమ్మలు గీయడానికి వారు తామే రాసుకున్న పాండా స్ప్రైట్స్ అనే ప్రోగ్రాంలో బొమ్మను గుండ్రంగా తిప్పే సదుపాయం ఒకటుంది. దానితో ఈ ముఖాన్ని తిప్పితే పల్టీ కొట్టినట్టు కనిపించింది. తల తిరిగేటన్ని పల్టీలు కొట్టేవాడు కాబట్టి, ఇంగ్లీషులో తల తిరగడాన్ని సూచించే డిజీ అన్న పేరు కుదిరింది. ఈ పల్టీ ఆటగాళ్ళను ఏడిపించింది కూడా. ఒకసారి ఎగిరాక గాలిలో దారి మార్చుకోవడం కుదరదు, కిందపడ్డాక కూడా నిలబడేదాకా దొర్లుతూ పోతాడు, నిప్పుల్లోకో నీళ్ళలోకో. దీన్ని లోపమన్నవాళ్ళున్నారు. కానీ ప్రతి గెంతుకూ ముందు ఒక క్షణం ఆలోచించేలా చేసింది ఆ లోపమే. డిజీ ఆటలు వేళ్ళ చురుకుకు కాక బుర్రకు పరీక్ష అయ్యాయంటే దాని వాటా తక్కువేమీ కాదు.

మొదటి ఆటలో జాక్స్ అనే మాంత్రికుణ్ణి ఓడించాలి. డిజీ చేతిలో ఒకసారికి ఒక్క వస్తువే పడుతుంది. తర్వాత వచ్చిన ట్రెజర్ ఐలాండ్ డిజీలో మూడు వస్తువులు మోయవచ్చు, ముప్పై బంగారు నాణేలు ఏరాలి. ప్రాణం మాత్రం ఒక్కటే. అందులో పేరుమోసిన ఉచ్చు నీటి అడుగున ఉంటుంది. ఊపిరి గొట్టం చేతిలో ఉంటేనే నీళ్ళలో తిరగగలడు. కొత్త వస్తువు తీసుకుందామని మీట నొక్కితే సంచిలోని పాత వస్తువు వరసలో బయటపడుతుంది, అది ఊపిరి గొట్టమే అయితే డిజీ అక్కడికక్కడే చచ్చిపోతాడు, ఆట మళ్ళీ మొదటి నుంచి ఆడాలి. 1989లో ఫాంటసీ వరల్డ్ డిజీ ఈ అన్యాయాన్ని సరిదిద్దింది. ప్రాణాలు మూడయ్యాయి, ఏ వస్తువు వదలాలో ఆటగాడే ఎంచుకునే జాబితా వచ్చింది, డైసీ, డెంజిల్, డైలన్, డోజీ, గ్రాండ్ డిజీ అనే గుడ్ల కుటుంబమూ వచ్చింది. శ్రేణిలో అన్నిటికన్నా మంచి ఆట ఇదే. తర్వాత మ్యాజిక్‌ల్యాండ్ (1990), స్పెల్‌బౌండ్, ప్రిన్స్ ఆఫ్ ది యోక్‌ఫోక్ (రెండూ 1991), క్రిస్టల్ కింగ్‌డమ్ (1992) వచ్చాయి. అవి ఇదే అచ్చులో పోసినవి.

ఇక ధర. మొదటి డిజీ క్యాసెట్ వెల 1.99 పౌండ్లు, అంటే పిల్లలు తమ చేతిఖర్చు డబ్బుతోనే కొనుక్కోగలిగినంత. పెద్దవాళ్ళను బతిమాలే పని లేనప్పుడు పాత్ర మీద అభిమానం పిల్లల మధ్యనే పెరుగుతుంది. మన దేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ డెసిబెల్స్ సంస్థ స్పెక్ట్రమ్‌ను డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో 1986లో అమ్మకానికి పెట్టింది. బీబీసీ మైక్రో కంప్యూటర్లు 1984లో మొదలైన క్లాస్ పథకం కింద బడులకు చేరాయి. అయినా కలకత్తా భవానీపూర్‌లో గానీ విజయవాడలో గానీ మధ్యతరగతి ఇంటికి కంప్యూటర్ అందని వస్తువే. భవానీపూర్ పిల్లల చేతిఖర్చుకు అందింది శుక్‌తారా అనే బెంగాలీ పిల్లల పత్రిక. అందులో నారాయణ్ దేబ్‌నాథ్ 1965 నుంచి గీసిన బొమ్మల కథల్లోని బాంటుల్ ది గ్రేట్ వాళ్ళ వీరుడు. బాంటుల్‌ది కాగితం, డిజీది క్యాసెట్. అభిమానం పెరిగిన దారి మాత్రం ఒకటే: తక్కువ వెల, మళ్ళీ మళ్ళీ కనబడే అదే ముఖం.

యంత్రమూ ధరే డిజీని తీర్చిదిద్దాయన్న ఈ మాటకు గట్టి అభ్యంతరం ఒకటుంది. మారియో కూడా ఇరుకు తెర మీద పుట్టినవాడే. జుట్టు గీయలేక టోపీ, నోరు గీయలేక మీసం పెట్టారు. మరి 1981లో పుట్టిన ఆ మారియో ఇప్పటికీ ఉన్నాడు, డిజీ ఏమయ్యాడు? పుట్టుకకు కారణమైనదే మనుగడకు కూడా చాలుతుందనుకోవడంలో ఉంది పొరపాటు. మారియోను నడిపే నింటెండోకు సొంత యంత్రాలున్నాయి. యంత్రం మారిన ప్రతిసారీ దానితో పాటే మారియోనూ మార్చుకుంది, 1996లో మూడు కొలతల లోకంలోకి తెచ్చింది. కోడ్‌మాస్టర్స్‌కు సొంత యంత్రం లేదు. నింటెండో యంత్రం మీద ఫెంటాస్టిక్ డిజీని ఆ సంస్థ అనుమతి లేకుండానే విడుదల చేయవలసి వచ్చింది. ఆలివర్ సోదరులు కూడా 1990లోనే సొంత సంస్థ పెట్టుకుని వేరే పనుల్లో పడ్డారు. చవక క్యాసెట్ల కాలం ముగిసేసరికి డిజీకి వెళ్ళే చోటు లేకపోయింది.

అభిమానులు ఇంకా ఉన్నారు కదా, అంటే పాత్రకు సొంత బలం ఉన్నట్టే కదా అనవచ్చు. ఉన్నారు, ఎక్కువగా బ్రిటన్‌లోనూ, స్పెక్ట్రమ్ నకళ్ళు వాడిన తూర్పు యూరప్‌లోనూ. అయితే వాళ్ళేం కోరుకున్నారో చూడండి. 2012లో కొత్త యంత్రాల కోసం డిజీ రిటర్న్స్ తీస్తామని ఆలివర్ సోదరులు కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో 3,50,000 పౌండ్లు అడిగితే అందులో పదోవంతు కూడా రాలేదు. 2015లో బయటపడ్డ పాత వండర్‌ల్యాండ్ డిజీని ఉచితంగా పెడితే ఆదరణ దొరికింది. 2020 డిసెంబరులో వచ్చిన వండర్‌ఫుల్ డిజీ కూడా ఉచితమే. అది నడిచేది 128 కిలోబైట్ల స్పెక్ట్రమ్ మీద.