ఐదు సరుకులూ, ఆరో లెక్కా

ఊరినుంచి వచ్చిన మరిది చేతిలో మిఠాయి పొట్లం వుంటే వదినకు సంతోషం. సీసా వుంటే? పోయిన ఎండాకాలం మా బి.కొత్తకోట ఇంట్లో జరిగింది అదే. మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరైన మా మరిది, హార్సిలీ కొండ చూడ్డానికొచ్చిన పాత స్నేహితులిద్దర్ని వెంటబెట్టుకొచ్చి, కాంటీను రమ్ము సీసా తెచ్చి వంటింటి గట్టుమీద పెట్టాడు.

"వదినా, ఈ పొద్దు పంచ్ కలపాల. పులుపూ తీపీ సరిపెట్టేది నీకే బాగా తెలుసు. మా చేతికి రాదు" అన్నాడు.

అది పొగడ్తో, పని అంటగట్టడమో తెలీలేదు. చేతిలో ఒక కాగితం కూడా పెట్టాడు. పడమటి దీవి బార్బడోస్ లెక్కట. పులుపు ఒక పాలు, తీపి రెండు పాళ్ళు, ఘాటు మూడు, నీళ్ళు నాలుగు. పులుపంటే నిమ్మరసం, తీపంటే చక్కెర పాకం, ఘాటంటే రమ్ము. పైన చిటికెడు జాజికాయ పొడి.

చదువుతుంటే నవ్వొచ్చింది. ఇందులో రమ్ము తీసేసి, చక్కెరకు బదులు బెల్లం, జాజికాయకు బదులు మిరియాలూ ఏలకులూ వేస్తే ఏమిటది? శ్రీరామనవమి పానకం కాదూ!

ఆ సాయంత్రం నేనేం కలిపానో చివర్లో చెబుతాను. ఆ కాగితం పుణ్యమా అని తర్వాత తిరగేసిన పుస్తకాల సంగతి ముందు చెప్పనివ్వండి.

ఇంగ్లీషువాళ్ళ రాతల్లో "పంచ్" అన్న మాట మొదట కనబడేది 1632 నాటి ఒక ఉత్తరంలో. రాసినవాడు రాబర్ట్ ఆడమ్స్. అందుకోవలసినవాడు ఈస్టిండియా కంపెనీ వర్తకుడు. అతనెక్కడున్నాడనుకుంటున్నారు? లండన్లో కాదు, పెటపోలిలో. పెటపోలి అంటే మన బాపట్ల దగ్గరి నిజాంపట్నమే! 1611లో కంపెనీ ఓడ "గ్లోబ్" మన కోస్తాకు వచ్చి మొదట ఆగింది అక్కడే. తర్వాతే మచిలీపట్నం. ప్రపంచంలోని పెద్ద పెద్ద విందుల్లో గాజు గిన్నెల్లోంచి గరిటెలతో పోసుకునే ఆ పానీయం పేరు తొలిసారి కాగితం మీద మన తెలుగు తీరానికి వచ్చిందంటే, నాకు గర్వపడాలో వద్దో కూడా తెలీలేదు.

ఆ పేరెలా వచ్చింది? 1673లో మచిలీపట్నం చూసిపోయిన జాన్ ఫ్రయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు, ఐదు సరుకులు కలుస్తాయి గనక హిందుస్తానీ "పాంచ్" మాటే పంచ్ అయిందని రాశాడు. పండితులందరూ దీన్ని ఒప్పుకోరు. "పంచియన్" అనే పెద్ద పీపా పేరు నుంచి వచ్చిందనేవాళ్ళూ వున్నారు. పేరు సంగతి ఎలావున్నా వంటకం మాత్రం ఇక్కడిదే. ఓడల్లో తెచ్చుకున్న బీరూ ద్రాక్షసారా ఈ ఎండలకు పాడైపోతుంటే, ఆ వర్తకులూ నావికులూ ఇక్కడ దొరికే సారాలో నిమ్మరసం, చక్కెర, నీళ్ళు, కాస్త మసాలా కలుపుకోవడం నేర్చారు. అంటే మొదటి పంచ్‌లో రమ్మే లేదన్నమాట.

మరి రమ్ము ఎక్కణ్ణుంచి వచ్చింది? చెరుకురసం కాచి చక్కెర పలుకు కట్టాక అడుగున నల్లటి మడ్డి మిగులుతుంది. దాన్ని పులియబెట్టి బట్టీ పెడితే వచ్చేదే రమ్ము. మన చిత్తూరు వైపు గానుగల దగ్గర రసమంతా బెల్లంగానే దిగుతుంది కాబట్టి మనకా మడ్డి సంగతి అంతగా తెలీదు. 1640ల్లో బార్బడోస్ దీవిలో ఇంగ్లీషువాళ్ళు చెరుకు తోటలు పెట్టారు. మడ్డి కొండలా మిగిలింది, రమ్ము ఏరులై పారింది. సారా స్థానంలో రమ్ము చేరింది.

ఆ చెరుకు నరికిందెవరు? ఆఫ్రికానుంచి గొలుసులు వేసి తెచ్చిన బానిసలు. రాత్రీ పగలూ నడిచే గానుగల్లో చేతులు నలిగిపోయిన ఆడవాళ్ళూ వాళ్ళలో వున్నారు. ఆ రమ్ము బ్రిటిష్ నౌకాదళానికి రోజువారీ రేషను అయింది. నావికులు మత్తులో తూలిపోతున్నారని 1740లో అడ్మిరల్ వెర్నన్ అందులో నాలుగు రెట్లు నీళ్ళు కలిపించాడు. కావలసినవాళ్ళు నిమ్మరసం, చక్కెర కొనుక్కుని కలుపుకోవచ్చన్నాడు. చూశారూ, మళ్ళీ మన పానకం లెక్కే! ఆ రేషను 1970 జూలై 31 దాకా సాగింది.

1834లో బ్రిటిష్ దీవుల్లో బానిసత్వం రద్దయింది. చెరుకు మాత్రం నరకాలి కదా! అప్పుడు మనవాళ్ళ వంతు వచ్చింది. కోరంగి రేవునుంచి ఓడెక్కి మారిషస్ చేరిన తెలుగువాళ్ళను అక్కడ "కోరంగీలు" అనే పిలిచారు. 1860లో మద్రాసునుంచి బయల్దేరిన "ట్రూరో" ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1903 నుంచి ఫిజీకి కూడా మద్రాసు ఓడలు నడిచాయి. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళుండాలని అక్కడ నిబంధన. వంటకంలో పాళ్ళు రాసినట్టు, మనుషులకూ పాళ్ళు రాశారు!

ఇదంతా చదివాక నాకనిపించిందేమంటే, పంచ్‌లో ఐదు సరుకులని అందరూ లెక్కపెట్టారు గాని ఆరోది ఒకటుంది. దాని ఖరీదు ఎవరు కట్టారన్న లెక్క. దాన్ని ఏ కాగితమూ రాయదు.

ఆ లెక్క నాకు తెలియడానికి బార్బడోస్ దాకా పోనక్కర్లేదు. మా పెద్దమ్మ వుంది. నా చిన్నప్పుడు పాకెట్ సారా రోజుల్లో పెద్దనాయన చెనక్కాయలమ్మిన డబ్బు ఇంటికి వచ్చేది కాదు. ముందు కమ్మలు పోయినాయి, తర్వాత పాడి ఆవు, ఆ తర్వాత ఆయనా పోయినాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళ కథ పేపర్లో వచ్చినప్పుడు బడికిపోయే పిల్లని నేను. అక్షరాస్యత తరగతిలో చదివిన పాఠంతో మొదలుపెట్టి, ఊళ్ళో సారా అంగడి మూయించారని బిగ్గరగా చదివి వినిపించాను. "ఇంకోతూరి చదువు" అంది పెద్దమ్మ. రెండోసారీ చదివాను. ఏమీ అనలేదు. పేపరు మడిచి తన పెట్టెలో పెట్టుకుంది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ఆ రెండోది సడలింది. పెట్టెలో పేపరు మాత్రం అలాగే వుంది.

ఇక ఆ సాయంత్రం సంగతి.

నేను సీసా మూత తియ్యలేదు. గీసిన గీతలా కాగితంలోని లెక్కే పాటించాను. నిమ్మరసం ఒక గ్లాసు. బెల్లం కరిగించి వడగట్టి చల్లార్చిన పాకం రెండు గ్లాసులు. కుండలో నీళ్ళు నాలుగు గ్లాసులు. ఘాటు మూడు పాళ్ళున్నాయే, అక్కడ శొంఠీ మిరియాలూ దంచి కాచి చల్లార్చిన కషాయం పోశాను. పైన ఏలకుల పొడి, ఆ ఇంగ్లీషు దొరల మర్యాదకు చిటికెడు జాజికాయ.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ వచ్చింది. గట్టుమీద సీసా చూసింది. గిన్నె చూసింది. నా మొహం చూసింది.

"ఏమ్మే, ఏం కలపతా ఉండావు?"

"పానకం పెద్దమ్మా. రుచి చూసి చెప్పు" అని గ్లాసు అందించాను. నా చెయ్యి కొంచెం వణికిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ముందు వాసన చూసింది. తర్వాత ఒక గుక్క తాగింది. "ఇంకో రెండు మిరియాలు పడాల" అని పీట వాల్చుకుని కూర్చుంది.

మరిది గ్లాసు అందుకుని మొహం చిట్లించాడు. "ఇదేంది వదినా, అసలుదే లేదే!"

"లెక్క నీదే నాయనా, ఒకటీ రెండూ మూడూ నాలుగూ. ఘాటు తగ్గిందేమో చెప్పు."

గొంతు మండి దగ్గు తెచ్చుకున్నాడు. స్నేహితులు నవ్వారు. వాళ్ళలో ఒకాయన రెండో గ్లాసు అడిగాడు. మూడోదీ అడిగాడు. సీసా మరునాడు మరిది సంచిలోనే తిరిగి వెళ్ళింది. బయట ఎక్కడ తాగుతారో అది వాళ్ళిష్టం. నేను ఎవరికీ నీతులు చెప్పబోవడం లేదు. నా వంటింట్లో మాత్రం ఆరో లెక్క కూడా చూసుకున్నాకే ఏదైనా కలుపుతాను.

ఈసారి మీ ఇంట్లోనూ ఎవరైనా "పంచ్ కలుపు" అంటే ఈ పాళ్ళు రాసిపెట్టుకోండి. మిరియాలు మాత్రం మా పెద్దమ్మ చెప్పినట్టు రెండు ఎక్కువే వెయ్యండి.