పాతర మూత తీశాక

1833. నందన సంవత్సరం, మాఘమాసం. గుంటూరుకు దక్షిణాన నల్లరేగడి ఊరు. చూసి నడువు, నెర్రెల్లో పాదం ఇరుక్కుంటుంది. పోయిన వేసవిలో గాలివానకు నీ ఎడ్లు రెండూ చచ్చాయి. ఆ తర్వాత చినుకు లేదు. జొన్న మోకాలెత్తుకు రాకముందే మాడింది. పత్తిచేను బూడిదరంగుకు తిరిగింది.

దొడ్లో తాత తవ్వించిన పాతర ఒక్కటే మిగిలింది. మనిషి లోతున గొయ్యి, గోడలకు గడ్డి, లోపల జొన్నలు, పైన మట్టి. ఇన్నాళ్లూ దాచుకున్నావు. రాత్రి పిల్ల ఏడుపు ఆపలేదు. అందుకే చీకటి ఉండగానే పలుగు పట్టావు.

మట్టి తీస్తున్నావు. కింద బోలు చప్పుడు. పుల్లటి వాసన ముక్కుకు కొడుతోంది.

"ఆగు నాయనా! ముందు దీపం దించు," అంటోంది అమ్మ.

ప్రమిదను తాడుకు కట్టి వదులుతావు. ఒక మూర. రెండు. వెలుగు కుంచించుకుంది. ఆరిపోయింది.

మూసిపెట్టిన గింజలు కూడా ఊపిరి పీలుస్తాయి. గొయ్యిలోని మంచిగాలిని తినేస్తాయి. బరువైన చెడుగాలి అడుగున నిలుస్తుంది. అందులోకి దిగినవాడు కేక కూడా వెయ్యలేడు. వాణ్ణి లాగబోయినవాడూ పైకి రాడు.

తెల్లారుతోంది. వీధి లేస్తే నలుగురూ వస్తారు. దొంగలు కారు, ఆకలిగొన్నవాళ్లు. ఆగుతావా? దిగుతావా?

వేపమండ తాడుకు కట్టు. దించు. లాగు. మళ్లీ దించు. చేతులు పడిపోతున్నాయి. లాగు. దీపం దించు. వణికింది. నిలిచింది.

దిగు.

చెయ్యి పెట్టు. పైపొర నల్లగా గడ్డకట్టింది. పగలగొట్టు. కింద గింజ. గట్టి గింజ. తోడు. తల తిరుగుతోంది. చాలు. పైకి రా!

కొలిస్తే ఆరు కుంచాలు.

గుమ్మంలో దాసరి నిలబడ్డాడు. రోజూ వచ్చే మనిషే. ఇవాళ పాట లేదు, గిన్నె చాచాడంతే. కరువును దుర్భిక్షమని ఎందుకంటారో ఆ గిన్నె చూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు ఇక్కడి అమరావతి, భట్టిప్రోలు స్తూపాల చుట్టూ భిక్షువులు బతికారు. పాళీలో పంటలు పండిన నేల "సుభిక్ఖ", అంటే భిక్ష తేలికగా దొరికే చోటు. దొరకకపోతే "దుబ్భిక్ఖ". వేరంజ అనే ఊళ్లో కరువొచ్చినప్పుడు బుద్ధుడి వెంట ఉన్న భిక్షువులు గుర్రాల వర్తకులిచ్చిన గింజలు రోట్లో దంచుకు తిన్నారని వినయపిటకం చెబుతుంది. సమృద్ధిని గాదెతో కొలవకుండా గుమ్మంలో నిలబడ్డ పరాయివాడి గిన్నెతో కొలిచిన మాట "సుభిక్ఖ". ఇంతకంటే నిజమైన కొలత నాకు తెలియదు.

కానీ నీ ముందున్నవి ఆరు కుంచాలే. విత్తనానికి ఉంచుతావా? వండుతావా? మూటగట్టి చెన్నపట్నం దారి పడతావా? ఆ దారి పొడవునా శవాలున్నాయని వచ్చినవాళ్లు చెబుతున్నారు. అమ్మ అంత దూరం నడవలేదు. ఇక్కడే ఉంటే వాన వస్తుందన్న భరోసా లేదు. గుంటూరు జిల్లా ఐదు లక్షల జనంలో లక్షన్నరకు పైగా ఈ కరువుకే పోతారు. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యేది 1855లో.

దాసరి ఇంకా అక్కడే ఉన్నాడు. మానిక అందుకో. ముందు అతనికి కొలువు.