పడవెక్కిన పుస్తకాలు

స్వచ్ఛంద సేవ అనగానే ఉత్సాహం, త్యాగం అన్న మాటలే ముందు నోటికొస్తాయి. ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమాన్ని పరిశీలిస్తే మాత్రం, దాన్ని నిలబెట్టింది పని పంచుకున్న తీరేనని నాకు తోస్తుంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమయ్యారు. అలా ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దానికోసం కాళ్లరిగేలా తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్యకు అప్పటికింకా పాతికేళ్లు నిండలేదు. గ్రంథాలయాలు అంతకుముందూ ఉన్నాయి, కానీ ఎవరికి వారే. సంఘం, ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక, గ్రంథాలయ యాత్రలు ఈ ఒంటరితనాన్ని పోగొట్టాయి. సాయంత్రం దీపం వెలిగించి తలుపు తీసే మనిషికి, తనలాంటివాళ్లు ఊరూరా ఉన్నారన్న ధైర్యం దొరికింది.

పని చిన్నదిగా, చేతికందేలా ఉండడం రెండో బలం. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య పడవ గ్రంథాలయం నడిపారు. కృష్ణా డెల్టాలో కాలువలే అప్పటి రోడ్లు. కాలువ ఉంది, పడవ ఉంది, గంటల తరబడి ఊరికే కూర్చునే ప్రయాణికులున్నారు; కొత్తగా చేరింది పుస్తకాల పెట్టె ఒక్కటే. ఎంత తేలికైన ఏర్పాటు, ఎంత లోతైన ఆలోచన! రోజూ సాగే ప్రయాణంలోనే సేవ కలిసిపోయింది కనుక, దానికోసం ఎవరూ ఇల్లూవాకిలీ వదులుకోనక్కర్లేకపోయింది.

ఇదంతా తీరిక ఉన్న చదువుకున్నవాళ్ల వ్యాపకమేగా అనవచ్చు. అందులో నిజముంది, చదువే అందని కులాలకు గ్రంథాలయం గడప చాలాకాలం దూరంగానే ఉంది. అయితే అక్షరం రానివారికి చదివి వినిపించడం, రాత్రి బడులు నడపడం కూడా ఈ ఉద్యమం తన పనిగానే పెట్టుకుంది. చివరికి చట్టం కావాల్సి వచ్చిందిగదా, సేవకులతో సరిపోలేదనేగా అన్నది మరో ఆక్షేపణ. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చి, గ్రంథాలయ పన్నుతో నికరమైన ఆదాయం ఏర్పడిన మాట నిజమే. కానీ అలాంటి చట్టం కోసం పట్టుబట్టినవారిలో ఈ ఉద్యమకారులూ ఉన్నారు. అద్దెలూ కొత్త పుస్తకాలూ చందాల మీద ఎన్నాళ్లో గడవవని వాళ్లకు అనుభవంలో తెలుసు. పన్ను డబ్బు గదినీ బీరువానూ ఇస్తుంది. పుస్తకాన్ని పాఠకుడి దగ్గరకు చేర్చే నేర్పు మనిషి నేర్చుకోవాల్సిందే. అందుకే పాతూరి ఆ తర్వాత బెజవాడలో గ్రంథపాలకుల శిక్షణకు పూనుకున్నారు.